జాప్యం మన తలరాత కాదు

(ఉపాధి కోల్పోయిన కార్మిక కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశానికి విచ్చేసిన వారిలో ఎక్కువమంది గత కొన్ని నెలలుగా ఏదో ఒక కార్యాలయం మెట్లు ఎక్కి దిగి అలసిపోయినవారే. ఉద్యోగం పోయింది. జీతంలోంచి ఏళ్ల తరబడి కోసుకున్న చందా మాత్రం ప్రభుత్వ ఖజానాలో భద్రంగా ఉంది. దానికి ప్రతిఫలంగా రావలసిన సహాయం మాత్రం చేతికి రావడం లేదు. కౌంటరు దగ్గరికి వెళితే "సిస్టమ్ డౌన్" అంటారు. ఇంటికి వచ్చి ఫోను చూసుకుంటే "మీ క్లెయిము తిరస్కరించబడింది" అన్న సందేశం ఉంటుంది. కారణం ఒక్క ముక్కలో ఉంటుంది, అది కూడా మనకు అర్థం కాని భాషలో. ఈలోగా ఇంటద్దె ఆగదు, పిల్లల ఫీజు ఆగదు, అమ్మానాన్నల మందులు ఆగవు.

ఉద్యోగ విరమణ చేసిన మేము కొందరం ప్రతి ఆదివారం ఒక గదిలో కూర్చుని ఇటువంటి దరఖాస్తులు రాసిపెడుతున్నాం. మాలో ఎక్కువమంది ప్రభుత్వ కార్యాలయాల్లో గుమాస్తాలుగా పనిచేసినవాళ్లం. దశాబ్దాల పాటు కౌంటరుకు అవతలి వైపు కూర్చున్నవాళ్లం కనుక, ఫైలు ఎందుకు కదులుతుందో, ఎందుకు కదలదో మాకు కొంత తెలుసు. ఆ తెలిసినది మీతో పంచుకోవడానికే ఈ నాలుగు మాటలు.

మొట్టమొదట మన మనస్సులో స్పష్టం చేసుకోవలసిన విషయం ఒకటుంది. దయతో ఇచ్చేది వేరు, హక్కుగా రావలసినది వేరు. 2018 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో యువనేస్తం పేరిట నిరుద్యోగ పట్టభద్రులకు నెలకు 1,000 రూపాయల భృతి మొదలైంది. ప్రభుత్వం మారిన తరువాత అది నిలిచిపోయింది. అటువంటి భృతి పాలకుల నిర్ణయం మీద ఆధారపడేది. కాని ఈఎస్ఐ కింద లభించే నిరుద్యోగ సహాయం అలాంటిది కాదు. అది బీమా. 2019 జూలై నుంచి కార్మికుని వేతనంలో 0.75 శాతం, యజమాని వాటాగా 3.25 శాతం ఈ బీమాకు చందాగా జమ అవుతున్నాయి. నెలకు 15,000 రూపాయల జీతగాడి పేరిట ఈ రెండూ కలిపి దాదాపు 600 రూపాయలు ప్రతి నెలా వెళుతున్నాయన్నమాట. కనుక మనం కౌంటరు ముందు నిలబడినప్పుడు చేయి చాచిన యాచకులం కాము; ప్రీమియం కట్టిన పాలసీదారులం. ఈ ఎరుక ఉన్నవాని మాట తీరు వేరుగా ఉంటుంది, అడిగే ప్రశ్న వేరుగా ఉంటుంది.

ఇక ఉన్న సదుపాయాలేమిటో చూద్దాం. పది మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థల్లో, నెలకు 21,000 రూపాయల లోపు వేతనం ఉన్నవారికి ఈఎస్ఐ వర్తిస్తుంది. ఈ వేతన పరిమితి 2017 జనవరి నుంచి ఇలాగే ఉంది. వీరి కోసం రెండు పథకాలున్నాయి.

మొదటిది రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన. ఇది 2005 ఏప్రిల్ 1న ప్రారంభమైంది. కర్మాగారం మూతపడినా, రిట్రెంచ్‌మెంటు చేసినా, ఉద్యోగంతో సంబంధం లేని గాయం వల్ల కనీసం 40 శాతం శాశ్వత వైకల్యం కలిగినా ఇది వర్తిస్తుంది. గరిష్ఠంగా 24 నెలల వరకు సహాయం లభిస్తుంది. మొదటి పన్నెండు నెలలు వేతనంలో సగం, తరువాతి పన్నెండు నెలలు నాలుగవ వంతు ఇస్తారు. ఆ కాలంలో కార్మికునికి, అతని కుటుంబానికి ఈఎస్ఐ వైద్యం కూడా కొనసాగుతుంది.

రెండవది అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. ఇది 2018 జూలై 1న ప్రయోగాత్మకంగా మొదలైంది. జీవితకాలంలో ఒక్కసారి, గరిష్ఠంగా 90 రోజులకు సహాయం ఇస్తుంది. మొదట సగటు దినసరి వేతనంలో 25 శాతం ఇచ్చేవారు. కరోనా లాక్‌డౌను వల్ల లక్షలాది మంది వీధిన పడ్డాక, 2020 ఆగస్టులో దానిని 50 శాతానికి పెంచారు. అంతకుముందు ఉద్యోగం పోయిన 90 రోజుల తరువాతనే సహాయం మొదలయ్యేది. దానిని 30 రోజులకు తగ్గించారు. పాత యజమాని ద్వారానే దరఖాస్తు రావాలన్న నియమం తీసివేసి, కార్మికుడే నేరుగా బ్రాంచి ఆఫీసుకు పంపుకోవచ్చన్నారు. ఈ పథకం గడువును విడతలు విడతలుగా పొడిగిస్తూ వస్తున్నారు. కాబట్టి దరఖాస్తు చేసే నాటికి ఏ నిబంధన, ఏ శాతం అమలులో ఉన్నదో బ్రాంచి ఆఫీసులో అడిగి తెలుసుకోవడం తప్పనిసరి.

ఎంత వస్తుందో లెక్క వేసుకోవడం కష్టమేమీ కాదు. గత నాలుగు చందా కాలాల్లో, అంటే రెండేళ్లలో, సంపాదించిన మొత్తాన్ని 730తో భాగిస్తారు. నెలకు 15,000 చొప్పున రెండేళ్లకు 3,60,000 రూపాయలు. దానిని 730తో భాగిస్తే రోజుకు 493 రూపాయలు. అందులో సగం దాదాపు 246 రూపాయల 58 పైసలు. 90 రోజులకు సుమారు 22,190 రూపాయలు. ఇది పెద్ద మొత్తం కాదని అనేవారున్నారు. మూడు నెలల ఇంటద్దెను, బియ్యం ఖర్చును వడ్డీకి తెచ్చుకోకుండా ఆపగల మొత్తమిది. అది చిన్నదో పెద్దదో వడ్డీ కట్టిన వాణ్ణి అడిగితే చెబుతాడు.

చందా కాలం అన్న మాటను కూడా గుర్తుపెట్టుకోవాలి. ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబరు 30 వరకు ఒకటి, అక్టోబరు 1 నుంచి మార్చి 31 వరకు మరొకటి. 2020లో సడలించిన నిబంధన ప్రకారం, ఉద్యోగం పోవడానికి ముందు కనీసం రెండేళ్లు బీమాలో ఉండాలి. సరిగ్గా ముందున్న చందా కాలంలో 78 రోజులు, మిగిలిన మూడింటిలో ఏదో ఒక దానిలో 78 రోజులు చందా జమ అయి ఉండాలి. దుష్ప్రవర్తన కారణంగా తొలగింపబడినవారికి, స్వచ్ఛంద విరమణ తీసుకున్నవారికి ఈ పథకం వర్తించదు. అందుకే కంపెనీ వారు ఉద్యోగం నుంచి తీసేసే రోజున "రాజీనామా అని రాసి సంతకం పెట్టు, లెక్క సెటిల్ చేస్తాం" అంటే తొందరపడి సంతకం పెట్టవద్దు. ఆ ఒక్క కాగితం రెండేళ్ల చందాను నీరుగార్చగలదు.

పీఎఫ్ మరొక సంగతి. అది నిరుద్యోగ సహాయం కాదు, మన సొంత పొదుపు. కాని పని పోయినప్పుడు ఎక్కువమందికి మొదట గుర్తొచ్చేది అదే. 2018 డిసెంబరు సవరణ ప్రకారం నెల రోజులు పని లేకపోతే 75 శాతం తీసుకునే వీలు కలిగింది. 2025 అక్టోబరులో కేంద్ర ధర్మకర్తల మండలి, 75 శాతం వెంటనే తీసుకోవచ్చనీ, మొత్తం నిల్వ తీసుకోవాలంటే పన్నెండు నెలల నిరుద్యోగం ఉండాలనీ తీర్మానించింది. 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా స్మృతి కూడా అమలులోకి వచ్చింది. నిబంధనలు మారుతున్న ఇటువంటి సమయంలో, నిరుడు పక్కింటివారికి జరిగినట్లే ఈ ఏడు మనకూ జరుగుతుందని అనుకోరాదు.

ఇప్పుడు అసలు చిక్కులకు వద్దాం. మా దగ్గరకు వచ్చే కేసులను వరుసగా పెట్టి చూస్తే, ఆగిపోయిన దరఖాస్తులన్నీ దాదాపు అయిదారు కారణాల చుట్టూనే తిరుగుతున్నాయి.

మొదటి కారణం పేరు. ఇది అందరికీ ఉన్న ఇబ్బందే అయినా, మన సముదాయాన్ని మరీ ఎక్కువగా బాధిస్తున్నది. మొహమ్మద్ అన్న పేరు తెలుగులోనూ ఉర్దూలోనూ ఒక్కటే. ఇంగ్లీషులోకి వచ్చేసరికి పూర్తిగా రాసేవారు కొందరు, 'ఎమ్‌డి' అని రెండక్షరాలతో సరిపెట్టేవారు కొందరు, 'ఎమ్ఓహెచ్‌డి' అని నాలుగక్షరాలు రాసేవారు కొందరు. షేక్ అన్న మాటకు చివర 'హెచ్' పెట్టేవారున్నారు, పెట్టనివారున్నారు, 'ఎస్‌కె' అని కుదించేవారున్నారు. కోస్తాలో షేక్, సయ్యద్, పఠాన్ వంటివి ఇంటిపేర్లుగా ముందు వస్తాయి. హైదరాబాదులో చాలామందికి అసలు ఇంటిపేరన్న పద్ధతే లేదు. మన స్త్రీల పేర్ల చివర ఒక కాగితంలో బేగం ఉంటుంది, మరొక దానిలో బీ ఉంటుంది, ఇంకొక దానిలో ఏదీ ఉండదు. పదో తరగతి మెమోలో హెడ్మాస్టరు రాసినది ఒకటి, ఆధార్ కేంద్రంలో కుర్రవాడు కొట్టినది మరొకటి, కంపెనీ హెచ్ఆర్ వారు ఎక్కించినది వేరొకటి. మనిషి చూడగానే ఒక్కడేనని తెలుసుకుంటాడు. యంత్రానికి మాత్రం వారు ముగ్గురు మనుషులు.

ఈ విషయంలో మా సలహా ఇది. కంగారుపడి ముందుగా ఆధార్ మార్చవద్దు. ఆధార్‌లో పేరును సాధారణంగా జీవితంలో రెండుసార్లు, పుట్టిన తేదీని ఒకసారి మాత్రమే మార్చుకోనిస్తారు. ఆ అవకాశాలను ఒక క్లెయిము కోసం ఖర్చుచేస్తే రేపు పాస్‌పోర్టు దగ్గర మళ్లీ చిక్కు వస్తుంది. ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా ఒకే విధంగా ఉంటే, ఈఎస్ఐ, పీఎఫ్ రికార్డులనే ఆధార్‌కు అనుగుణంగా సరిచేయించాలి. 2025 జనవరి నుంచి ఈ పని కొంత తేలికైంది. 2017 అక్టోబరు 1న గాని ఆ తరువాత గాని యూఏఎన్ పొందినవారు పేరు, పుట్టిన తేదీ వంటివి పోర్టల్‌లో తామే సరిచేసుకోవచ్చు. అంతకు ముందరివారికి యజమాని ఆమోదం సరిపోతుంది. ఈ పని ఉద్యోగంలో ఉన్నప్పుడే చేసుకోవాలి. ఉద్యోగం పోయాక యజమాని ఫోను ఎత్తడు.

రెండవ కారణం మొబైలు నంబరు. ఆధార్‌కు ఇచ్చిన నంబరు అయిదేళ్ల క్రితం పోగొట్టుకున్న సిమ్ముది. ఓటీపీ ఎవరికో వెళుతుంది. ఈ ఒక్క లోపం వల్ల ఇంట్లో కూర్చుని పది నిమిషాల్లో ముగించవలసిన పని పది రోజులు పడుతుంది. గారేజీల్లో, నిర్మాణాల్లో, ఆసుపత్రుల హౌస్‌కీపింగులో ఏళ్లుగా పనిచేసినవారి వేలిముద్రలు అరిగిపోయి యంత్రం గుర్తించకపోవడం కూడా మేము తరచు చూస్తున్నాం. అటువంటివారికి ఓటీపీయే ఆధారం కనుక, నంబరు సరిగా ఉండటం మరీ అవసరం.

మూడవ కారణం బ్యాంకు ఖాతా. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులో విలీనమయ్యాయి. పాత ఐఎఫ్ఎస్‌సీ కోడ్లు చెల్లకుండా పోయాయి. ఖాతా సంఖ్య సరైనదే, పాస్‌బుక్కు సరైనదే, అయినా సొమ్ము వెనక్కి వెళుతుంది. మన రెండు రాష్ట్రాల్లో ఆంధ్రా బ్యాంకు ఖాతా లేని కార్మికవాడ ఉండదు కనుక ఈ సంగతి ప్రత్యేకంగా చెబుతున్నాం. పాస్‌బుక్కు పాతదైతే కొత్తది తీసుకోండి.

నాలుగవ కారణం, యజమాని ఉద్యోగం మానిన తేదీ ఎక్కించకపోవడం. రికార్డుల ప్రకారం మీరింకా అక్కడే పని చేస్తున్నారు. పని చేస్తున్నవానికి నిరుద్యోగ సహాయం ఎక్కడిది? పీఎఫ్ పోర్టల్‌లో చివరి చందా జమ అయిన రెండు నెలల తరువాత ఈ తేదీని సభ్యుడే నమోదు చేసుకునే వీలు 2020 నుంచి ఉంది. ఈ సంగతి తెలియక పాత కంపెనీ గేటు దగ్గర రోజుల తరబడి నిలబడినవారిని మేమెరుగుదుము.

అయిదవ కారణం అన్నింటికన్నా బాధాకరమైనది. జీతంలోంచి చందా కోశారు, కాని జమ చేయలేదు. కాంట్రాక్టు ఏజెన్సీల ద్వారా పనిచేసే సెక్యూరిటీ గార్డులకు, ఆయాలకు, ప్యాకింగు కార్మికులకు ఇది ఎక్కువగా జరుగుతున్నది. చట్టం ప్రకారం కాంట్రాక్టరు కట్టకపోయినా చందా చెల్లించవలసిన ప్రాథమిక బాధ్యత ప్రధాన యజమానిదే. కాని రుజువు చేయాలంటే మన దగ్గర జీతం చీటీ ఉండాలి. ఆరు నెలలకొకసారి పోర్టల్‌లో చందా జమ చూసుకునే అలవాటు ఉంటే ఈ మోసం రెండేళ్ల తరువాత కాక మొదటి నెలల్లోనే బయటపడుతుంది.

పెద్దలారా, ఇక కార్యాలయం లోపలి సంగతి కొంచెం చెప్పనివ్వండి. గుమాస్తా మీద కోపగించుకునే ముందు అతని బల్ల మీద ఏముందో తెలుసుకోవాలి. అతనికి రోజుకు ఇన్ని కేసులు ముగించాలని లక్ష్యం ఉంటుంది. అన్నీ సరిగా ఉన్న కేసును ముందుగా ముగిస్తాడు, ఎందుకంటే అది తేలిక. సందేహం ఉన్న కేసును పక్కన పెడతాడు. మరీ పాతబడితే ఏదో ఒక లోపం రాసి తిరస్కరిస్తాడు, ఎందుకంటే తిరస్కరించిన కేసు కూడా లెక్కలో ముగిసిన కేసే. ఇందులో చాలాసార్లు ద్వేషం ఉండదు, భయం ఉంటుంది. రేపు ఆడిట్ వచ్చి "ఈ పేరుకూ ఆ పేరుకూ పొంతన లేదు, ఎలా ఇచ్చావు?" అని అడిగితే తన మెడకు చుట్టుకుంటుందన్న భయం.

ఈ రహస్యం తెలిస్తే మన పని సగం అయినట్లే. గుమాస్తాకు కావలసింది మన కన్నీరు కాదు. సంతకం పెట్టినందుకు తనను కాపాడే కాగితం. పేర్లలో తేడా ఉంటే, ఆ రెండు పేర్లూ ఒకే వ్యక్తివని తెలిపే రుజువులను దరఖాస్తుతో పాటే జతచేయండి. అతడు అడిగేదాకా ఆగవద్దు. "నా కేసు ఏమైంది?" అని అడిగితే "ప్రాసెస్‌లో ఉంది" అన్న జవాబు వస్తుంది. "నా కేసు ఏ సెక్షన్‌లో, ఏ తేదీ నుంచి, ఏ కాగితం కోసం ఆగి ఉంది?" అని అడిగితే అతడు ఫైలు తెరిచి చూడక తప్పదు.

ఇందుకు మేము నాలుగు అలవాట్లు సూచిస్తున్నాం.

మొదటిది, ఒక నోటుబుక్కు. ఏ తేదీన వెళ్లారు, ఏ కౌంటరులో అడిగారు, ఏమి చెప్పారు అన్నది ఆ రోజే రాసుకోండి. సర్వరు పనిచేయకపోతే తెర మీద వచ్చిన సందేశాన్ని తేదీ, సమయం కనిపించేటట్లు ఫొటో తీసుకోండి. "పోర్టల్ పనిచేయలేదు" అని నోటితో అంటే ఎవరూ నమ్మరు; ఫొటో చూపితే కాదనలేరు.

రెండవది, రసీదు. కాగితం ఏదైనా సరే, ఇన్‌వర్డు ముద్ర, నంబరు లేకుండా ఇవ్వవద్దు. ముద్ర వేయమంటే వేయకపోతే రిజిస్టర్డు పోస్టులో పంపండి. రసీదు లేని దరఖాస్తు, ఇవ్వని దరఖాస్తుతో సమానం.

మూడవది, మెట్టు తప్పకుండా ఎక్కడం. మొదట బ్రాంచి ఆఫీసు. ఆ తరువాత ఈఎస్ఐ సహాయ నంబరు 1800-11-2526, పీఎఫ్ సహాయ నంబరు 14470. పీఎఫ్ వారు ప్రతి నెలా 27వ తేదీన జిల్లాల్లో "నిధి ఆప్ కే నికట్" పేరిట సమావేశం జరుపుతారు. అధికారి ఎదుట కూర్చుని మాట్లాడే అవకాశం అక్కడ దొరుకుతుంది. అటు తరువాత కేంద్ర ప్రభుత్వపు ఫిర్యాదుల పోర్టల్. క్రింది మెట్టు వదిలి నేరుగా పైవారికి రాస్తే, ఆ ఉత్తరం తిరిగి క్రింది మెట్టుకే వస్తుంది, నెల రోజులు వృథా అవుతాయి.

నాలుగవది, సమాచార హక్కు. 2005 నాటి ఈ చట్టం కింద 10 రూపాయల రుసుముతో దరఖాస్తు చేయవచ్చు. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే పై అధికారికి అప్పీలు చేయవచ్చు. అకారణంగా ఆలస్యం చేసిన సమాచార అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 వరకు జరిమానా విధించే అధికారం సమాచార కమిషనుకు ఉంది. ఉపన్యాసాలు రాయవద్దు. నాలుగే ప్రశ్నలు: నా క్లెయిము ఏ తేదీన అందింది, ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది, ఆగడానికి రాతపూర్వక కారణమేమిటి, ఈ పనికి నిర్ణయించిన గడువు ఎంత? జవాబు రాయవలసి వచ్చినవారు ముందుగా పని ముగించి, "మీ క్లెయిము పరిష్కరించబడినది" అని రాసిన సందర్భాలు మా అనుభవంలో చాలా ఉన్నాయి.

పీఎఫ్ విషయంలో మరొక ఆయుధం ఉంది. 1952 నాటి పథకం 72వ పేరా ప్రకారం, అన్నీ సరిగా ఉన్న క్లెయిమును 20 రోజుల్లో పరిష్కరించాలి. లోపముంటే అదే గడువులో రాతపూర్వకంగా తెలపాలి. తగిన కారణం లేకుండా ఆలస్యమైతే ఏడాదికి 12 శాతం వడ్డీ విధించి, దానిని కమిషనరు జీతం నుంచి మినహాయించవచ్చని కూడా అందులో ఉంది. అలాగే ఒకే క్లెయిమును ఈసారి ఒక కారణం, మరోసారి మరొక కారణం చెప్పి పదే పదే తిరస్కరించరాదని ఆ సంస్థే తన కార్యాలయాలకు ఆదేశాలిచ్చింది. వీటిని బెదిరింపుగా కాక వినయంగానే, దరఖాస్తు చివర ఒక వాక్యంగా రాయండి. చట్టం తెలిసినవాడు వచ్చాడని అర్థమవుతుంది, అది చాలు.

పోరాడి అడిగితే నిబంధన మారుతుందనడానికి కూడా నిదర్శనముంది. అటల్ పథకంలో మొదట స్టాంపు కాగితం మీద అఫిడవిట్ ఇవ్వవలసి వచ్చేది. పని లేనివాడు నోటరీ దగ్గరికి తిరగలేక అవస్థ పడుతున్నాడని ఫిర్యాదులు వచ్చాయి. 2020 నవంబరులో ఈఎస్ఐ సంస్థ ఆ షరతును ఎత్తివేసింది. ఆధార్, బ్యాంకు వివరాల ప్రతులను ఆన్‌లైన్‌లో జతచేసినవారు కాగితం పట్టుకొని రానక్కరలేదన్నది. ఎవరూ నోరు విప్పకపోతే ఆ అఫిడవిట్ నేటికీ ఉండేది.

దళారుల గురించి ఒక హెచ్చరిక. కార్యాలయాల చుట్టూ, జిరాక్స్ షాపుల దగ్గర "లోపల మన మనిషి ఉన్నాడు" అనేవారు తిరుగుతుంటారు. ఈ క్లెయిములకు రుసుము ఏదీ లేదు. వచ్చే ఇరవై వేలలో అయిదు వేలు వారికి పోస్తే మిగిలేదేమిటి? అంతకన్నా ప్రమాదం, వారు మన ఆధార్, ఓటీపీ, పాస్‌వర్డు అడిగి తీసుకోవడం. దరఖాస్తులో తమ ఫోను నంబరు పెట్టుకుంటారు. ఆ తరువాత మన ఖాతా తాళంచెవి వారి జేబులో ఉంటుంది. రాసిపెట్టమని అడగడానికి సిగ్గుపడి దళారి దగ్గరికి వెళ్లకండి. చదువుకున్న పిల్లలు మన గల్లీలోనే ఉన్నారు.

సిగ్గు అన్నాం కనుక ఆ మాట కూడా చెప్పుకోవాలి. పని పోయిన సంగతి ఇంట్లో చెప్పక, రోజూ ఉదయం టిఫిను డబ్బా పట్టుకొని బయలుదేరి, సాయంత్రం దాకా పార్కులో కూర్చుని వచ్చే మనుషులున్నారు. కంపెనీ మూతపడటం మన తప్పు కాదు. మొదటి వారంలోనే భార్యతో, ఎదిగిన పిల్లలతో కూర్చుని ఖర్చుల లెక్క వేసుకోవాలి. సొమ్ము చేతికి వచ్చేదాకా రాదన్నట్లే నడుచుకోవాలి. రాబోయే క్లెయిమును నమ్ముకొని ఫోనులో దొరికే లోను యాపుల నుంచి అప్పు తీసుకుంటే, వచ్చిన సొమ్మంతా వడ్డీకే పోతుంది. సబ్ర్ అంటే నోరు మూసుకొని కూర్చోవడం కాదు. ఫలితం ఆలస్యమైనా ప్రయత్నం మానకపోవడం. నోటుబుక్కులో ఈ వారం కూడా ఒక వాక్యం రాయగలిగినవాడే నిజమైన సహనశీలి.

ఇప్పుడు సముదాయంగా మనమేమి చేయాలి? సచార్ కమిటీ 2006లో చెప్పిన మాటను మరచిపోకూడదు. ముస్లిములు అధికంగా స్వయం ఉపాధిలో, చిన్న పనుల్లో ఉన్నారనీ, క్రమబద్ధమైన జీతపు ఉద్యోగాల్లో వారి పాలు తక్కువనీ ఆ నివేదిక తేల్చింది. పంక్చర్ షాపువానికి, పండ్ల బండివానికి, ఇంట్లో కుట్టుపని చేసే చెల్లెలికి ఈఎస్ఐ లేదు. 2021 ఆగస్టులో వచ్చిన ఈ-శ్రమ్ నమోదులో కూడా నిరుద్యోగ సహాయం లేదు. కనుక మనలో ఈ హక్కు ఉన్నవారే కొద్దిమంది. ఆ కొద్దిమంది కూడా ఒక అక్షరం తేడా వల్ల దానిని వదులుకుంటే, నష్టం ఆ కుటుంబానికి మాత్రమే కాదు. "వీరెవరూ అడగరు" అన్న పేరు అందరికీ వస్తుంది.

మూడు పనులు ప్రతి మొహల్లాలో మొదలుపెట్టవచ్చు. ఒకటి, వారానికొకసారి రెండు గంటలు కాగితాల పరీక్ష. పని పోయినవారికి మాత్రమే కాదు, పనిలో ఉన్నవారికీ. పేరు, నంబరు, ఖాతా, చందా ఈ నాలుగూ సరిచూసి పంపాలి. ఇందుకు ఒక విశ్రాంత ఉద్యోగి, ఒక డిగ్రీ విద్యార్థి, ఒక ల్యాప్‌టాప్ చాలు. రెండు, క్లెయిము ఆగి ఉన్న కుటుంబానికి కర్జె హసన. దరఖాస్తు రసీదు చూసి, మూడు నాలుగు నెలలకు సరిపడా వడ్డీలేని అప్పు ఇవ్వగల స్తోమత మన కమిటీల్లో చాలా వాటికి ఉంది. సొమ్ము వచ్చాక తిరిగి జమ అవుతుంది, మరొకరికి ఉపయోగపడుతుంది. మూడు, ఒక రిజిస్టరు. ఎవరి కేసు ఏ కారణంతో ఎన్ని రోజులు ఆగిందో రాసిపెట్టాలి. ఒక్కరు వెళ్లి "నా పేరు కలవలేదు" అంటే అది వ్యక్తిగత సమస్య. ఒకే గల్లీ నుంచి నలభై పేర్లు పట్టుకొని వెళితే అది ప్రభుత్వం సమాధానం చెప్పవలసిన సమస్య.

ఆ రిజిస్టరు చేతబట్టి మనం అడగవలసినవి కూడా స్పష్టంగా ఉండాలి. ముస్లిం పేర్లలో అందరికీ తెలిసిన సంక్షిప్త రూపాలను, స్పెల్లింగు భేదాలను తిరస్కరణకు కారణంగా చూపరాదు. మిగతా వివరాలు కలిసినప్పుడు అధికారి స్వయంగా విచారించి ఆమోదించాలి. తిరస్కరణ సందేశం తెలుగులోనూ ఉర్దూలోనూ, ఏ కాగితం తేవాలో చెబుతూ రావాలి. ఈఎస్ఐ సహాయానికి కూడా పీఎఫ్ మాదిరిగా గడువు, ఆలస్యానికి బాధ్యత ఉండాలి. సర్వరు పనిచేయని రోజులను దరఖాస్తుదారుని ఆలస్యంగా లెక్కించరాదు. ఈ కోరికల్లో మతం లేదు. ఇవి తీరితే శ్రీను పేరు శ్రీనివాసరావుగా ఉన్న సోదరునికీ మేలు జరుగుతుంది. అందుకే ఈ పనిలో కార్మిక సంఘాలను, మన హిందూ, క్రైస్తవ, దళిత సహోద్యోగులను కలుపుకొని వెళ్లాలి. ఒకే కంపెనీలో ఒకే రోజున రోడ్డున పడినవారు, వేరువేరు క్యూలలో నిలబడటం తెలివైన పని కాదు.

సోదర సోదరీమణులారా, కార్యాలయంలో కూర్చున్న కాలమంతా మేము గమనించిన సత్యం ఒకటే. ఫైలు తనంతట తాను కదలదు. న్యాయమైనదే అయినా కదలదు. దాని వెనుక మనిషి ఉన్నాడని, అతడు మళ్లీ వస్తాడని, వచ్చినప్పుడు రసీదు చూపించి తేదీలతో సహా అడుగుతాడని తెలిసినప్పుడు కదులుతుంది. మీరు ఈరోజు ఇంటికి వెళ్లగానే చేయవలసిన పని ఒక్కటే: ఆధార్, పాస్‌బుక్కు, ఈఎస్ఐ కార్డు, పీఎఫ్ వివరం ఒకే బల్ల మీద పక్కపక్కనే పెట్టి మీ పేరు అక్షరం అక్షరం చదవండి. తేడా కనబడితే వచ్చే ఆదివారం వాటితో సహా రండి. మేము అక్కడే ఉంటాం.